దారం చుట్టిన ఆరు బాణాలు

జూన్ 3, మంగళవారం

నా పేరు కురసం కన్నమ్మ. వయసు డెబ్భై ఒకటి. పాస్‌పోర్టులో అరవై ఎనిమిది అని ఉంది, అది వేసినవాడు నా మొహం చూసి వేసిన లెక్క. మా ఊరు చింతూరు దాటాక శబరి ఒడ్డున. ప్రస్తుతం ఉన్నది జర్మనీలో ఆకెన్ అనే ఊళ్ళో, మూడో అంతస్తులో, నా చిన్నకూతురు ఊర్మిళ ఇంట్లో. ఊర్మిళ ముసలివాళ్ళ ఆశ్రమంలో నర్సు. అల్లుడు జితేంద్ర సిటీ బస్సు నడుపుతాడు. వాళ్ళకు ఒక్కతే పిల్ల, ఈషా, పదిహేనేళ్ళు. నాతో కలిపి ఇంట్లో నలుగురం. ఏప్రిల్లో వచ్చాను, జూలై నాలుగున తిరుగు టికెట్టు.

నాకు చదువు రాదు. రాస్తున్నది పై అంతస్తు భానుమతిగారు. కాకినాడలో తెలుగు పంతులమ్మగా రిటైరై, ఇక్కడ కూతురి దగ్గర ఉంటోంది. చెప్పింది చెప్పినట్టు రాయాలని, నేను సరేననేదాకా ఈ నోటుబుక్కు ఎవరికీ చూపించకూడదని మాట తీసుకున్నాను.

"చూపించను గానీ, మీరిందాక తిట్టిన తిట్టు మాత్రం రాయను," అన్నది.

"అయితే ఏమని రాస్తావు?"

"ఆ మనిషి అని."

సరే, ఆ మనిషి. ఆయన పేరు రైనర్. ఇక్కడి విలువిద్య క్లబ్బులో పిల్లలకు నేర్పుతాడు. మే ముప్పై ఒకటి శనివారం పొద్దున, ఆయన ఇచ్చిన బాణం మా పిల్ల చేతిలో పేలింది. తాడు వదలగానే వెనకవైపు ముక్కలై, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలోకి పుల్లలు పుల్లలుగా దిగబడింది. పుల్లలంటే కర్రవి కావు, నల్లటివి, వెంట్రుకల్లాంటివి. అదేదో కార్బన్. ఆపరేషన్ చేసి పద్దెనిమిది తీశారు. ఇంకా ఉన్నాయన్నారు. వేలు వంగుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఈ నెల ఇరవై ఏడున క్లబ్బు పెద్దలు కూర్చుంటారు. ఆ మనిషి ఇక పిల్లలకు నేర్పాలా వద్దా అని తేలుస్తారు. వద్దనే తేలాలి. నా పిర్యాదు ఇది. పంతులమ్మ అల్లుడు జర్మన్లోకి మారుస్తాడు, నేను వేలిముద్ర వేస్తాను.

జూన్ 4

పిర్యాదులో బాణం సంగతి రావాలి. రాసుకో.

మా అయ్య బాణాలు కట్టేవాడు. చుట్టుపక్కల ఏడూళ్ళకు ఆయన బాణాలే. మాలో ఆడది విల్లు పట్టదు, కానీ కట్టుపని నాదే. ఈక కోయడం, లక్క కాచడం, నార చుట్టడం. పదేళ్ళ పిల్లప్పటి నుంచి చేశాను. భూమి పండుగకు మగవాళ్ళు వేటకు పోయి వట్టి చేతులతో వస్తే ఆడవాళ్ళం పేడనీళ్ళు కొడతాం. నా కట్టు వదులై బాణం పక్కకు పోయిందని ఎవడూ నా ముందు అనలేదు. అనుంటే వాడికి రెండు బిందెలు.

పిట్టకు తేలిక బాణం, పందికి బరువు బాణం. ఇది పిల్లలకు కూడా తెలుసు. తేలికది చురుగ్గా పోతుంది, తిన్నగా పోతుంది, దూరం అటూ ఇటూ అయినా తగులుతుంది. తగిలాక మాత్రం దాంట్లో ఏమీ ఉండదు. ఎముక తగిలితే విరుగుతుంది. బరువుది నిదానంగా పోతుంది, వంపు తిరిగి పోతుంది, దూరం సరిగా అంచనా కట్టకపోతే నేలకే గుచ్చుకుంటుంది. కానీ గుచ్చుకుంటే లోపలికి పోతుంది, తీసి కడుక్కుని మళ్ళీ వేసుకోవచ్చు. రెండూ ఒకదాంట్లో కావాలంటే రావు.

మే మొదట్లో ఈషా నన్ను వాళ్ళ అడవికి తీసుకుపోయింది. ఈ దేశంలో బాణంతో వేట నిషేధమట. అందుకని అడవిలో రబ్బరు జంతువులు పెట్టుకుని కొడుతున్నారు. రబ్బరు పంది, రబ్బరు జింక, రబ్బరు ఎలుగు. పంది దగ్గరికి పోయి చెవి పట్టుకు చూశాను.

"దీన్ని వండుతారా?" అన్నాను.

ఈషా అది జర్మన్లో చెప్పింది. ఆ మనిషి ఎంత నవ్వాడంటే టోపీ కింద పడింది. మంచి నవ్వే. అది రాయకు.

(రాశాను. భా.)

అప్పుడు ఆయన తన బాణం నా చేతికిచ్చాడు. చీపురుపుల్ల బరువు లేదు. తను ఏటా ఆకురాలే కాలంలో హంగరీ పోతాడట, అక్కడ బాణంతో వేట ఒప్పుకుంటారట. పోయినేడు ఈ తేలికవి తీసుకుపోతే దుప్పి పక్కటెముక తగిలి రెండు విరిగాయట. ఇప్పుడు తను బరువువి కొనుక్కుని, ఈ తేలికవి ఆరు మా పిల్లకిచ్చాడు. రబ్బరుకు ఇవి చాలునట.

రాసుకో పంతులమ్మా, పెద్ద అక్షరాలతో: తనకు పనికిరానివి పిల్లకిచ్చాడు.

జూన్ 5

ఆసుపత్రికి పోయాం. చెయ్యి దిండు మీద, పెద్ద తెల్లటి మూటలా ఉంది. అల్లుడు మంచం పక్కన నిలబడి కేసు వేస్తాను, ఇన్సూరెన్సును వదలను అంటున్నాడు. ఈషా కళ్ళు మూసుకునే ఉంది.

వాళ్ళు కాఫీకి పోయాక కళ్ళు తెరిచి, "అమ్మమ్మా, ఆ రోజు నా పొదిలో ఎన్ని బాణాలున్నాయి?" అనడిగింది.

నాకేం తెలుసు అన్నాను.

మళ్ళీ కళ్ళు మూసుకుంది.

జూన్ 7

ఇవాళ చెప్పడానికి ఏమీ లేదు. బాణం తేలిక. తప్పు దానిది, ఇచ్చినవాడిది. అంతే.

జూన్ 9, సోమవారం. ఇక్కడేదో పండుగ, దుకాణాలన్నీ మూసేశారు.

ఆ మనిషి ఇంటికొచ్చాడు. చేతిలో స్ట్రాబెర్రీ కేకు. అల్లుడు తలుపు సగం తెరిచి నిలబడ్డాడు. కూర్చోమన్నది ఊర్మిళే.

పోట్లాటకు వచ్చాడేమో అని నేను సిద్ధంగానే ఉన్నాను. పోట్లాడలేదు. ఊర్మిళ ఆయన మాటలు నాకు తెలుగులో చెప్పింది: "తప్పు నాదే అంటున్నాడమ్మా. ఆ పొద్దున పిల్లల బాణాలు తను ఒక్కొక్కటీ చూడాల్సింది, ఈషా పెద్దదైంది కదా, తనే చూసుకుంటుందని వదిలేశాడంట. ఇరవై ఏడున అదే చెప్తాడంట."

"చెప్పనీ," అన్నాడు అల్లుడు. "అత్తమ్మ పిర్యాదు కూడా వస్తుంది."

ఆ మనిషి సంచిలోంచి ఒక పాత బాణం తీశాడు. పగిలింది. కంటికి ఏమీ కనపడదు, నల్లగా నున్నగా ఉంది. మా వెదురు బాణం పగిలితే పేడు లేస్తుంది, వేలితో రాస్తే గుచ్చుకుంటుంది. ఇది చెప్పదు. ఆయన రెండు చివరలు పట్టుకుని మెల్లగా వంచి నా చెవి దగ్గర పెట్టాడు. చిటచిట. పొయ్యిలో ఉప్పు వేసినట్టు. తిప్పి మళ్ళీ వంచాడు. చిటచిట.

"ప్రతిసారీ వేసేముందు ఇట్లా వినాలంటమ్మా. ఈషాకు నేర్పాడంట. అది మర్చిపోయేది కూడా కాదంట."

"వింది," అన్నాడు అల్లుడు. "నా కూతురు ప్రతిదీ విని వేస్తుంది. నేను చూశాను."

అప్పుడు ఆ మనిషి మొహంలో ఏదో అర్థం కానట్టు కనిపించింది. వింటే తెలిసుండాలి కదా అన్నాడు. ఆ పాత బాణం బల్ల మీదే మర్చిపోయి పోయాడు. కేకు బాగుంది.

జూన్ 10

నిన్న సాయంత్రం ఆ పాత బాణం తీసుకుని కింద కెల్లర్‌లోకి, అంటే ఈ బిల్డింగు నేలమాళిగలోకి, పోయాను. సైకిళ్ళు, ఈషా విల్లు, నా దారం రీళ్ళు అన్నీ అక్కడే. ఊరికే కూర్చుని పగులు మీద దారం చుట్టాను. ఎర్రదారం, వరసకు వరస ఆనించి, పైన ఆ చిన్న ట్యూబు జిగురు. ఇక్కడి జిగురు లక్కకంటే త్వరగా ఆరుతుంది. పగులులోకి నీళ్ళలా దిగిపోతుంది.

ఆరాక చెవి దగ్గర పెట్టి వంచాను.

శబ్దం రాలేదు.

అదే రాసుకో. ఇంకేం లేదు.

జూన్ 12

పంతులమ్మకు పంతులమ్మ బుద్ధి పోదు. ఇవాళ మొదటినుంచీ చదివి వినిపించమన్నాను. వినిపించి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "కన్నమ్మగారూ, ఒకటి అడగనా?" అన్నది.

"అడుగు."

"మీరు దారం చుట్టడం గురించి ఇందులో లేదు. ఈషా మొన్న మా అమ్మాయితో ఫోన్లో అంటే విన్నాను. మే నెలలో మీరు తన బాణాలన్నిటికీ ఈకల దగ్గర ఎర్రదారం చుట్టిచ్చారట. క్లబ్బులో అందరూ బాగుందన్నారట."

"అందానికి చుట్టాను. ఈక ఊడకుండా కూడా. మా అయ్య బాణాలకు అట్లాగే ఉండేది. ఐదింటికీ చుట్టాను."

"ఐదు ఎందుకు? ఆయన ఆరిచ్చాడు కదా."

"ఒకటి రబ్బరు జింకను తప్పి వెనక రాయికి తగిలింది. దాన్ని పిల్ల పక్కన పెట్టింది."

"ఆహా. మరి ఆసుపత్రిలో ఎన్ని బాణాలని ఎందుకడిగింది?"

"పిల్లకు మందుల మత్తు."

"కన్నమ్మగారూ, పొదిలో ఇప్పుడు ఐదున్నాయి. చేతిలో పేలింది కాక. నాలుగే ఉండాలి కదా. కింద కెల్లర్‌లో నేనూ చూశాను."

ఇది రాసేసి నోటుబుక్కు మూసి వెళ్ళిపొమ్మన్నాను. కాకినాడ నుంచి వచ్చింది నన్ను పరీక్ష చేయడానికి.

జూన్ 13

చెప్పనన్నారు. టీ మాత్రం ఇచ్చారు. (భా.)

జూన్ 16

వాన. ఊర్మిళకు వరసగా మూడు రోజులు డ్యూటీ.

ఒక మాట రాయి. మా ఊళ్ళో పగిలిన బాణాన్ని ఎవడూ పారేయడు. పగులు చూసి, నార చుట్టి, లక్క పోసి, నీడన ఆరబెడితే కొత్తదానికంటే గట్టిగా ఉంటుంది. అట్లాంటి బాణంతో మా పెద్దన్న రెండు పందుల్ని కొట్టాడు. ఇది నిజం. ఎవరినైనా అడగండి.

ఎవరినడుగుతారు, అందరూ పోయారు. అయినా రాయి.

జూన్ 17

నిన్న చెప్పిందే మళ్ళీ రాయి. పగిలిన బాణాన్ని ఎవడూ పారేయడు.

జూన్ 19

రెండో ఆపరేషన్ అయ్యాక పిల్ల ఇంటికొచ్చింది. ఇంకో ఏడు పుల్లలు తీశారు. బొటనవేలి కొస మీద గుండుసూది పెట్టినా తెలియడం లేదు. ఆరు నెలల్లో రావచ్చు, రాకపోవచ్చు.

ఊర్మిళ డ్యూటీకి, అల్లుడు బస్సుకు పోయారు. ఇద్దరమే ఉన్నాం. నేను గారెలకు పప్పు రుబ్బుతున్నాను. అది వంటింటి బల్ల దగ్గర కుడిచేత్తో ఫోన్లో ఏదో రాస్తోంది.

"ఎవరికే?"

"ఫెరైన్‌కి."

ఫెరైన్ అంటే వాళ్ళ క్లబ్బు.

"ఏమని?"

"టేప్ నేనే తీశానని."

మిక్సీ ఆపాను. ఏ టేపు అని అడగలేదు. అడగనందుకు అది నా వైపు చూసింది.

"రాయికి తగిలినదానికి ఎర్ర టేప్ చుట్టి కెల్లర్ బుట్టలో పెట్టాను కదా అమ్మమ్మా. నీకు చెప్పాను కూడా. ఎర్ర టేప్ అంటే కపుట్, వేయకూడదని. చెప్పానా లేదా?"

"చెప్పావు."

"ఇప్పుడు బుట్టలో లేదు. టేప్ ఉంది, బాణం లేదు. అందుకని తీసింది నేనే అని రాస్తున్నా. తెలిసే వేశానని. అప్పుడు రైనర్‌ది తప్పు కాదు కదా, గెనౌ?"

"నిన్నేం చేస్తారు?"

"ఒక సంవత్సరం రానివ్వరు. ఎలాగూ నా చెయ్యి..." భుజాలు ఎగరేసింది. "కోచ్ కోర్సులో కూడా తీసుకోరు ఇక. వాళ్ళకు రూల్ రూలే. రైనర్‌ని తీసేస్తే మాత్రం ఆ చిన్నపిల్లలకు ఎవరూ లేరు అమ్మమ్మా. పన్నెండు మంది ఉన్నారు."

"నువ్వు తీయలేదు కదే."

"నీకెలా తెలుసు?"

నేను పప్పు గిన్నె వైపు చూశాను. పిల్ల నా వైపే చూస్తోంది.

"నువ్వు జూలైలో వెళ్ళిపోతావు," అన్నది మెల్లగా. "నాన్నకు తెలిస్తే నీతో మళ్ళీ జన్మలో మాట్లాడడు. ఆయన సంగతి నాకు తెలుసు. నాతో అయితే వారం అరుస్తాడు, అంతే."

పదిహేనేళ్ళది. నన్ను కాపాడుతోంది. నాకు ఎంత కోపం వచ్చిందంటే, దాని చేతిలో ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో పెట్టేశాను.

"అమ్మమ్మా! దస్ గేట్ నిష్ట్! అట్లా చేయకూడదు!"

"గేటూ లేదు గోడా లేదు. ఇరవై ఏడుదాకా అది అక్కడే ఉంటుంది."

సాయంత్రం తీసిచ్చాను. ఏమీ పంపనని ఒట్టు వేశాక.

జూన్ 20

పంతులమ్మను పిలిచి మొత్తం చెప్పాను. ఇప్పుడే రాయొద్దన్నాను. ముందు ఇంట్లో చెప్పాలి.

జూన్ 22, ఆదివారం

ఇంట్లో చెప్పాను. నలుగురమూ అన్నానికి కూర్చున్నాక. ఊర్మిళ ఒకే మాట అన్నది: "అమ్మా, నువ్వు ఇరవై రోజులుగా రైనర్ మీద పిర్యాదు రాయిస్తున్నావు."

"అవును," అన్నాను.

అల్లుడు చెయ్యి కడుక్కుని బాల్కనీలోకి పోయాడు. కాసేపటికి లోపలికొచ్చి, నా వైపు కాదు, గోడ వైపు చూసి, "టికెట్టు ముందుకు జరుపుతాను," అన్నాడు.

"జరుపు," అన్నాను. "ఇరవై ఏడు తర్వాత ఏ రోజుకైనా జరుపు."

"నైన్, పాపా," అన్నది ఈషా, వద్దు నాన్నా అని. ఆ తర్వాత ఇద్దరూ జర్మన్లో అరుచుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నా పేరు తప్ప.

జూన్ 24

అల్లుడు మాట్లాడటం లేదు. టికెట్టు జరిపాడో లేదో నేను అడగలేదు. పొద్దున నా బీపీ మాత్ర ప్లేట్లో పెట్టి పోయాడు. మామూలుగా అది ఊర్మిళ పని.

ఆ మనిషికి ఊర్మిళ ఫోన్ చేసి చెప్పిందట. ఆయన, దారం చుట్టిన బాణాన్ని వంచితే శబ్దం ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది అన్నాడట. అది మిగతా పిల్లలకు చూపించాలి, మీ అమ్మగారిని రమ్మంటారా అన్నాడట.

ఎందుకు, పేడనీళ్ళు కొట్టడానికా అన్నాను. ఊర్మిళ ఈ నెలలో మొదటిసారి నవ్వింది. తర్వాత ఏడ్చింది.

జూన్ 26, గురువారం

ఇది పిర్యాదు కాదు. పిర్యాదు కొట్టేశాను. ఇది వాంగ్మూలం. పంతులమ్మ అల్లుడు ఇవాళే మారుస్తాడు. రేపు నేనే తీసుకుపోతాను, ఊర్మిళ నా పక్కన ఉంటుంది.

కురసం కన్నమ్మ అనే నేను, మా మనవరాలు ఈషా పగిలిందని గుర్తు పెట్టి కెల్లర్ బుట్టలో వేసిన కార్బన్ బాణాన్ని మే ఇరవై తొమ్మిదో తేదీన బుట్టలోంచి తీశాను. దాని మీద టేపు తీసేశాను. పగులు ఈకల కింద, వెనక కొస దగ్గర ఉంది. అక్కడ జిగురు పోసి, మిగతా ఐదింటికి చుట్టినట్టే ఎర్రదారం చుట్టాను. ఆరూ ఒకేలా కనపడ్డాయి. ఆరింటినీ పొదిలో పెట్టాను. పిల్లకు చెప్పలేదు. ముప్పై ఒకటిన పిల్ల ఆ బాణాన్ని నియమం ప్రకారం వంచి వింది. నా జిగురూ నా దారమూ పట్టి ఉంచడం వల్ల దానికి శబ్దం వినపడలేదు. వెదురులో పగులు నిలువుగా పోతుంది, కట్టుకు నిలబడుతుంది. ఈ బాణం బోలు గొట్టం, దాని గోడ గడ్డిపరక మందమే ఉంది, పగిలాక దాంట్లో కట్టుకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. వేగం కోసం బరువు తీసేస్తే ముందు పోయేది అదే. ఇది నాకు ఇప్పుడు తెలుసు.

పిల్ల తప్పు లేదు. దాని పేరు కొట్టేయడానికి వీల్లేదు. అది ఇంకోలా చెప్తే నమ్మొద్దు, నన్ను కాపాడటానికి చెప్తుంది.

రైనర్‌ను తీయొద్దు. ఆ పొద్దున బాణాలు తను చూడలేదన్నది నిజం, అది ఆయన చెప్పుకుంటాడు. చూసినా ఆయన చెవికీ వినపడేది కాదు, నేను చుట్టి చూశాను. పిల్లకు తేలికవి ఇచ్చాడని నేను తిట్టాను. బరువువి ఇస్తే దాని విల్లుకు రబ్బరు జింక దాకా పోవు. ఆయన లెక్క ఆయనకుంది. తిట్టింది వెనక్కి తీసుకుంటున్నాను. టోపీ పడేలా నవ్విన మాట ఉంచు.

క్లబ్బువాళ్ళు ఎవరినైనా రావొద్దనాలంటే నన్ను అనండి. మీ అడవికి ఇక రాను.

పైదంతా నేను ~~తెలియక~~ చేశాను. చదివి వినిపించగా విని, ఒప్పుకుని వేలిముద్ర వేస్తున్నాను.

వ్రాసినవారి గమనిక: చివరి పేరాలో "తెలియక" అన్న మాట నేను నా అంతట వేసింది. చదివి వినిపించగా కన్నమ్మగారు ఆపారు. "ఎందుకండీ, మీకు తెలియకే కదా చేశారు," అన్నాను. "పిల్ల చెప్పింది, ఎర్ర టేపంటే వేయకూడదని. విన్నాను. నిన్నగాక మొన్నటి పిల్ల, బాణం గురించి నాకు చెప్పేదేందిలే అనుకుని తీశాను. దాన్ని తెలియక అనరు పంతులమ్మా, కొట్టెయ్," అన్నారు. ఆమె ఎదుటే కొట్టివేశాను. కొట్టివేత ఒకటి.

కురసం కన్నమ్మ
ఎడమ బొటనవేలి నిశాని

సాక్షులు:
1. భానుమతి (వ్రాసినవారు)
2. ఊర్మిళ, కూతురు
3. జితేంద్ర, అల్లుడు. బస్సు దిగి వచ్చి, నిలబడి మొత్తం చదివి, సంతకం చేశారు.